సీసపు అక్షరాలతో తొలి అచ్చు: స్టిక్ నుంచి ట్రెడిల్ దాకా

ట్రెడిల్ అనే అచ్చు మెషిన్ తొక్కడం ఒకటి రెండు పూటల్లో పట్టుబడుతుంది. అక్షరాలు కూర్చడం పట్టుబడటానికి నెలలు కావాలి. కొత్తగా నేర్చుకునేవాళ్లు దీన్ని తలకిందులుగా అనుకుని మెషిన్ కోసం వెతుకుతారు, కంపోజింగ్‌ను, అంటే అక్షరాల కూర్పును, తేలిగ్గా తీసుకుంటారు. మెషిన్ మీద కనిపించే తప్పులు చాలావరకు అంతకు ముందే, స్టిక్‌లో (అక్షరాలు వరుసగా పేర్చే చేతి పళ్లెంలో) వరుస వదులుగా ఉండిపోయినప్పుడే పుట్టి ఉంటాయి. అందుకే ఇక్కడ కంపోజింగ్ గురించే ఎక్కువ రాస్తున్నాం.

మొదటి పనిగా 6 × 4 అంగుళాల కార్డు మీద నాలుగు వరుసలు చాలు. ఉదాహరణకు: "పుస్తకాల పండుగ / పిల్లలకు కథలు / ఆదివారం ఉదయం 10 గంటలకు / అందరూ రండి". పేజీ నిండా పేరాలు కూర్చే పని తర్వాత చూసుకోవచ్చు.

సామాను ఎక్కడ దొరుకుతుంది

డీటీపీ (కంప్యూటర్ కూర్పు), ఆఫ్‌సెట్ (ప్లేటు అచ్చు) వచ్చాక తెలుగు టైపు, అంటే సీసపు అక్షరాలు, చాలావరకు తూకానికి అమ్ముడై కరిగిపోయింది. ట్రెడిల్ మెషిన్లు మాత్రం ఇంకా కొన్నిచోట్ల బతికే ఉన్నాయి. బిల్లు పుస్తకాలకు నంబర్లు వేయడానికి, చింపే చోట చుక్కల గీత కొట్టడానికి, అట్టలకు మడత గీత వేయడానికి వాటిని వాడుతున్నారు. కాబట్టి "లెటర్‌ప్రెస్ (సీసపు అక్షరాల అచ్చు) ఉందా" అని కాకుండా "నంబరింగ్, పర్‌ఫరేషన్ ఎక్కడ చేస్తారు" అని అడగండి. హైదరాబాద్‌లో శుభలేఖల అచ్చుకు పేరున్న ఛత్తా బజార్ లాంటి చోట అలా అడిగితే దారి దొరకవచ్చు. అక్కడి పాత కంపోజిటర్ ఒక పూట పక్కన నిలబడి చేతులు ఎలా కదలాలో చూపిస్తే, ఏ రాతా దానికి సాటిరాదు. విదేశాల్లో ఉన్నవాళ్లకు అడానా 8 × 5 లాంటి బల్ల మీది చేతి ప్రెస్సు మొదటి మెట్టుగా బాగుంటుంది. ఈ కార్డుకు అది సరిపోతుంది.

పాత టైపు కొనేటప్పుడు కిలోల లెక్క ఒక్కటే చూడకండి. సున్నలు, కొమ్ములు, దీర్ఘాలు, ఎక్కువగా వాడే వత్తులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. అరవై 'క'లు ఉండి 'త' వత్తులు మూడే ఉంటే ఆ ఫాంటుతో పది వరుసలు కూడా నడవవు. అక్షరాల మీద తెల్లటి పొడి పట్టి ఉంటే అది చెడిపోయిన సీసం. ఊదకండి, పొడి బ్రష్‌తో దులపకండి, అసలు కొనకండి.

కొలతలు

అచ్చు పనిలో అంగుళాలు పక్కన పెట్టి పాయింట్లలో ఆలోచించాలి. 12 పాయింట్లు ఒక పైకా ఎమ్. దాదాపు 6 ఎమ్‌లు ఒక అంగుళం. అక్షరం పాదం నుంచి ముఖం దాకా ఎత్తు 0.918 అంగుళం. బ్లాకైనా, ప్లేటైనా, అంచు గీతైనా ఈ ఎత్తుకే రావాలి. వేర్వేరు ఫౌండ్రీల (టైపు పోత పోసే కార్ఖానాల) టైపు కలిసిపోయిన కేసుల్లో, అంటే అక్షరాలు ఉంచే గళ్ల పెట్టెల్లో, ఎత్తులో వెంట్రుకవాసి తేడా ఉండవచ్చు. పది అక్షరాలు పక్కపక్కన నిలబెట్టి పైన ఉక్కు స్కేలు ఆనిస్తే దాని కింద వెలుతురు కనిపించే కురచ ముక్క ఏదో తెలిసిపోతుంది.

ఖాళీలన్నీ అక్షరం సైజు మీద ఆధారపడి ఉంటాయి. 18 పాయింట్ల టైపుకు ఎమ్ క్వాడ్ (అచ్చు పడని ఖాళీ దిమ్మె) 18 పాయింట్లు, ఎన్ క్వాడ్ 9, మూడో వంతు స్పేసు 6, నాలుగో వంతు 4.5, ఐదో వంతు 3.6. ఇవి కాక 1 పాయింటు ఇత్తడి రేకులు, అర పాయింటు రాగి రేకులు ఉంచుకోండి. మొదటి పనికి 18 పాయింట్లే మంచిది. 12 పాయింట్ల తెలుగు వత్తులు కొత్త వేళ్లకు అందవు.

తెలుగు కేసు ముందు

ఇంగ్లీషుకు పెద్ద కేసు, చిన్న కేసు ఉంటే పని నడుస్తుంది. తెలుగులో గుణింతాలు, వత్తులు కలిసి గళ్లు వందల్లోకి పోతాయి, పైగా గళ్ల అమరిక షాపు షాపుకూ మారుతుంది. కాబట్టి మొదటిరోజు ఏమీ కూర్చకుండా పెద్ద కాగితం మీద గళ్ల పటం గీయండి. ప్రతి గడిలోంచి ఒక అక్షరం తీసి చూసి, ఏది విడి ముక్క, ఏది కలిసి ఉన్న ముక్క అన్నది రాసుకోండి. గుడి అక్షరం నెత్తి మీదే అతుక్కుని ఉంటుంది కాబట్టి 'కి', 'కీ' లాంటివి సాధారణంగా ఒకే ముక్కగా ఉంటాయి. కొమ్ము పక్కన వచ్చేది కాబట్టి సాధారణంగా విడిగా ఉంటుంది. ఆ పటం మీ దగ్గర లేకుండా కూర్చడం మొదలుపెడితే ప్రతి వరుసకూ మూడుసార్లు ఆగిపోతారు.

మద్రాసులో 1854లో మొదలైన వావిళ్ల వారి ప్రెస్సు పాత ముద్రణ ఏదైనా దొరికితే భూతద్దంతో ఒక పేజీ చూడండి. వత్తును అక్షరానికి ఎంత దగ్గరగా, ఎంత కిందికి కూర్చేవారో, పై వరుస వత్తులకూ కింది వరుస గుళ్లకూ మధ్య ఎంత చోటు వదిలారో గమనించండి. తెలుగు కంపోజింగ్‌కు అంతకన్నా మంచి పాఠం లేదు.

స్టిక్ పట్టడం, వరుస కట్టడం

ముందు స్టిక్ కొలత బిగించాలి. మన కార్డుకు వరుస పొడవు 24 ఎమ్‌లు, అంటే 288 పాయింట్లు, సుమారు 4 అంగుళాలు. 24 ఎమ్‌ల పొడవు కత్తిరించిన లెడ్డు (వరుసల మధ్య వేసే పట్టీ) ఒకటి స్టిక్‌లో పెట్టి, దాని చివర పలుచటి కాగితపు ముక్క ఒకటి చేర్చి జారుడు గోడను బిగించండి. ఆ కాగితం మందం ముఖ్యం. లెడ్డు వరుసకన్నా పిసరంత పొడవున్నా తర్వాత బిగించేటప్పుడు ఒత్తిడంతా లెడ్డు మీదే పడి అక్షరాలు వదులుగా మిగిలిపోతాయి.

స్టిక్‌ను ఎడమ చేతిలో, తెరిచి ఉన్న వైపు మీకు అవతలగా పట్టుకోండి. బొటనవేలు లోపల ఉండి చివరి అక్షరాన్ని అదిమి పట్టాలి. ఒక లెడ్డు వేసి, అక్షరాలను ఎడమ నుంచి కుడికి, ప్రతి అక్షరం ఒంటి మీద ఉన్న గాడి బయటికి కనిపించేలా నిలబెట్టండి. గాడి లోపలికి పోయిందంటే అక్షరం తిరగబడినట్టు. ఒక అక్షరం గాడి మిగతావాటికి సూటిగా లేదంటే వేరే ఫాంటు ముక్క కలిసినట్టు. కళ్లకన్నా వేలికొసే దీన్ని ముందు పట్టేస్తుంది.

అక్షరాలు మీకు తలకిందులుగా కనిపిస్తాయి, కానీ వరుసక్రమం మామూలుగా ఎడమ నుంచి కుడికే ఉంటుంది. తలకట్టు కిందికి వస్తుంది, గుడి కిందికి వస్తుంది. ధ, భ, ఢ, ఛ, ఫ అడుగున ఉండే చిన్న గీత పైకి వస్తుంది. ద–ధ, బ–భ, ప–ఫ, ప–వ జంటల దగ్గరే మొదట్లో తప్పులు ఎక్కువ. ఒక కార్డు మీద ఈ జంటల్ని కూర్చి, అచ్చు వేసి, టైపునూ అచ్చునూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే కన్ను అలవాటు పడుతుంది.

"పుస్తకాల" అన్నప్పుడు చేతి వరుస ఇలా ఉంటుంది: ప, కొమ్ము, స, త వత్తు, కా, ల. మనం పలికే వరుసే. వత్తు ముక్కలో ముఖం ఒంటి అంచు దాటి బయటికి పొడుచుకొచ్చి ఉంటే ఆ కొస కింద పక్క అక్షరం భుజం ఆనాలి. దానికి ఆనుడు లేకపోతే మొదటి ఒత్తుడుకే విరుగుతుంది. వత్తు పక్కన స్పేసు వేయబోయే ముందు ఇది చూసుకోండి. వరుస చివర అక్షరాన్ని, దాని వత్తును విడదీయడం ఎప్పుడూ జరగకూడదు.

మాటల మధ్య మూడో వంతు స్పేసు వేయండి. మన వరుసలు మధ్యకు రావాలి కాబట్టి మిగిలిన చోటును రెండు వైపులా సమానంగా నింపాలి. మాటలు 170 పాయింట్లు తీసుకున్నాయనుకుందాం. మిగిలింది 118, ఒక్కో వైపు 59. మూడు ఎమ్ క్వాడ్లు 54, ఒక నాలుగో వంతు స్పేసు 4.5, ఒక రాగి రేకు 0.5. సరిగ్గా 59. పలుచటి రేకులను వరుస కొసల్లో పెట్టకండి. వంగిపోతాయి. వాటిని రెండు లావు ముక్కల మధ్య దోపండి.

ఇప్పుడు అసలు పరీక్ష. వరుసను కొద్దిగా ముందుకు వంచితే అది తన బిగువుతో తానే నిలబడాలి, పడిపోకూడదు. అదే సమయంలో వేళ్లతో తోస్తే బలప్రయోగం లేకుండా కదలాలి. పడిపోతే అర పాయింటు చేర్చండి. కదలకపోతే తీసేయండి. బలవంతాన ఒక రేకు కుక్కితే స్టిక్ గోడ కొంచెం వెనక్కి జరుగుతుంది, ఆ తర్వాతి వరుసలన్నీ కొత్త కొలతకు వస్తాయి, మొదటి వరుస మాత్రం కురచైపోతుంది. నాలుగు వరుసల్లో ఒక్కటి వదులైనా మెషిన్ మీద ఆ వరుసలో క్వాడ్లు మెల్లగా పైకి లేచి నల్లటి దిమ్మెల్లా అచ్చు పడతాయి. ఈ ఒక్క పరీక్ష దగ్గర ఓపిక పట్టండి. ఒక వరుసకు పావుగంట పట్టినా ఫరవాలేదు.

వరుసకూ వరుసకూ మధ్య 6 పాయింట్ల లెడ్డు వేయండి. నాలుగు వరుసలు 72, మూడు లెడ్లు 18, మొత్తం 90 పాయింట్లు, ఏడున్నర ఎమ్‌లు. 18 పాయింట్ల తెలుగుకు 2 పాయింట్ల లెడ్డు కూడా వాడవచ్చు గానీ, కార్డు మీద పై వరుస వత్తులు కింది వరుస గుళ్లను ఒరుసుకున్నట్టు కనిపిస్తాయి.

కట్టడం, ప్రూఫ్ తీయడం

స్టిక్ నిండగానే వరుసలన్నీ రెండు చేతుల బొటనవేళ్లు, చూపుడువేళ్లతో నాలుగు వైపులా అదిమి గ్యాలీ అనే అంచులున్న చదును పళ్లెంలోకి జార్చండి. పైన కింద ఒక్కో లెడ్డు ఉండాలి. ఒకటిన్నర మీటరు సన్నటి గట్టి దారం తీసుకుని, ఒక మూల మొదలుపెట్టి, రెండో చుట్టు మొదటి కొస మీద పడేలా నాలుగైదు చుట్లు బిగువుగా చుట్టండి. చివరి కొసను మూలలో చుట్ల కిందికి దోపండి. ముడి వేయవద్దు. విప్పేటప్పుడు ముడి టైపును చెదరగొడుతుంది. దారం టైపు ఒంటి నడుమ భాగంలో ఉండాలి, పైకి జారకూడదు.

చేతి రోలర్‌తో పలుచగా ఇంకు పూసి, పలుచటి కాగితం పరిచి, చెంచా వీపుతో సమంగా రుద్దితే ప్రూఫ్ వస్తుంది. దిద్దుబాట్లన్నీ ఇక్కడే పూర్తి చేయాలి. 'వ' తీసి 'ప' పెట్టినా వెడల్పు మారవచ్చు కాబట్టి ఆ వరుసను మళ్లీ స్టిక్‌లోకి తెచ్చి బిగువు సరిచూడండి. పట్టకారుతో అక్షరం ముఖాన్ని పట్టుకోకండి, ఒక్క జారుడుకు మెత్తటి లోహం మీద గీత పడి అది ప్రతి కార్డు మీదా కనిపిస్తుంది.

చేజ్‌లో బిగించడం

చదునైన ఇనుప బల్లను గుడ్డతో తుడిచి, అరచేయి పెట్టి చూడండి. ఒక ఇసుక రేణువు ఉన్నా దాని పైనున్న అక్షరం ఎత్తు పెరిగి కాగితాన్ని పొడుస్తుంది. చేజ్ (టైపును బిగించే ఇనుప చట్రం) పరిచి, మధ్యలో టైపును ఉంచి, చుట్టూ ఖాళీ నింపే ఫర్నిచర్ దిమ్మెలు పెట్టండి. ఒక్కో దిమ్మె ఒక మూలను దాటి పక్క దిమ్మె కొసను ఆనుకునేలా, నాలుగూ ఒకదాని వెంట ఒకటి తిరిగినట్టు అమర్చాలి. అలా అయితే బిగించినప్పుడు నాలుగు వైపులా లోపలికి జరగడానికి వీలుంటుంది. దిమ్మెల కొసలు ఒకదానికొకటి ఎదురుగా తగిలితే, మీరు బిగించేది దిమ్మెలనే తప్ప టైపును కాదు. కోయిన్లు (బిగించే చీలలు) కుడి పక్కన, పై పక్కన రావాలి. కాగితం ఆనే వైపులు వాటికి ఎదురుగా ఉంటాయి.

దిమ్మెలు అమర్చాక దారం విప్పండి. కోయిన్లను వేళ్లతో మాత్రమే బిగించి, టైపును సమం చేసే ప్లేనర్ చెక్క పెట్టి కొయ్య సుత్తితో మెల్లగా రెండు మూడు తట్లు తట్టండి. అప్పుడు కోయిన్ల తాళంచెవితో రెండు వైపులా మార్చి మార్చి కొంచెం కొంచెంగా బిగించండి. పూర్తిగా బిగించాక ప్లేనర్‌తో కొట్టకూడదు. కిందికి దిగలేని అక్షరం ముఖం నలుగుతుంది. ఎక్కువ బిగించినా ఫారం (చేజ్‌లో బిగించిన టైపు) మధ్యలో విల్లులా పైకి లేస్తుంది. చేజ్ ఒక మూల కింద కోయిన్ పెట్టి కాస్త లేపి, వేలితో ప్రతి వరుసనూ నొక్కి చూడండి. కదిలే ముక్క ఉంటే స్టిక్ దగ్గరికి వెనక్కి వెళ్లాల్సిందే. తడి కాగితం ముక్కలు దోపి సర్దుకోవడం పాత అలవాటు. అది ఆ పూటకు నిలుస్తుంది, ఆరగానే వదులవుతుంది.

మెషిన్ దగ్గర

తొక్కడానికి ముందు కొన్ని నియమాలు. ఉంగరాలు, గాజులు తీసేయండి. పైట, చున్నీ, వదులు చేతులు బిగించి కట్టుకోండి, జుట్టు ముడి వేయండి. కుడి చేయి కాగితం పెట్టడానికి, ఎడమ చేయి తీయడానికి. కాగితం వంకరగా పడితే, జారితే, దాన్ని వదిలేసి ఒత్తుడు ఆపే లివర్ లాగండి. మూసుకునే ప్లాటెన్ (కాగితాన్ని టైపుకు ఒత్తే పలక) లోపలికి చేయి పోనివ్వకండి. మోటారు ఉన్న ట్రెడిల్ మీద నేర్చుకోవద్దు, కాలితో తొక్కే దాని మీదే మొదలుపెట్టండి. ముందు కాగితం లేకుండా, ఇంకు లేకుండా, ఫారం లేకుండా చేతుల లయ వచ్చేదాకా తొక్కండి.

నూనె రంధ్రాలన్నిటిలో 30 నంబరు మోటారు ఆయిల్ రెండేసి చుక్కలు వేయండి. రోలర్లు టైపు ముఖాన్ని తాకీతాకనట్టు దొర్లాలి. రోలర్‌ను ఇంకుతో టైపు మీద ఆపి ఎత్తితే పడే చార సుమారు 3 మిల్లీమీటర్ల వెడల్పు ఉండాలి. అంతకన్నా లావుగా ఉంటే రోలర్లు కిందికి ఉన్నట్టు. అవి నడిచే పట్టాల మీద టేపు అంటించి లేపండి. సరేసు, గ్లిజరిన్‌తో పోత పోసిన పాత రోలర్లైతే కోస్తా వానాకాలపు చెమ్మకు ఉబ్బుతాయి, మే నెల ఎండకు మెత్తబడతాయి. రబ్బరు రోలర్లకు ఈ బాధ లేదు.

ఇంకు బఠాణీ గింజంత చాలు. డిస్కు (ఇంకు పరుచుకునే గుండ్రటి పలక) మీద మూడు చోట్ల పెట్టి రెండు మూడు నిమిషాలు తొక్కండి. రోలర్ల నుంచి మెత్తటి సరసర వినిపిస్తే సరిపోయినట్టు. చప్పరించినట్టు జిగట చప్పుడు వస్తే ఎక్కువైనట్టు. తక్కువతో మొదలుపెట్టి చేర్చడం తేలిక. తీసేయాలంటే అన్నీ కడగాలి.

ప్లాటెన్ మీద ఒక గట్టి పలుచటి అట్ట, మూడు నాలుగు పుస్తకపు కాగితాలు, పైన మనీలా కాగితం టింపన్‌గా (పై పొరగా) బిగువుగా లాగి కట్టండి. మొదటి అచ్చు టింపన్ మీదే వేయండి. ఆ ముద్రను కొలత పెట్టుకుని కార్డు అంచులు ఎక్కడికి రావాలో పెన్సిల్‌తో గీసి, కింద అంచుకు రెండు, ఎడమ అంచుకు ఒకటి ఆనుడు ముక్కలు అంటించండి. ఆనుడుకు పిన్నులు లేకపోతే చిన్న క్వాడ్లను గమ్ముతో అంటించేవారు. ఇప్పటికీ అది పనిచేస్తుంది. అవి టైపు మీద గానీ గ్రిప్పర్ల (కార్డును అదిమి పట్టే ఇనుప వేళ్ల) దారిలో గానీ పడకుండా మెషిన్‌ను చేత్తో మెల్లగా తిప్పి చూసుకోండి. ఒక్క ఢీకి వరుస మొత్తం చితికిపోతుంది. టింపన్ మీది తడి ముద్రను కిరసనాయిలు గుడ్డతో తుడిచి టాల్కమ్ పొడి అద్దండి. లేకపోతే కార్డు వెనక మరక పడుతుంది.

ఇక మంచి కార్డు మీద అచ్చు వేసి, వెనక్కి తిప్పి పక్కనుంచి పడే వెలుతురులో చూడండి. ఒక మూల పేలవంగా ఉంటే టింపన్ కింద ఆ చోట ఒక పలుచటి టిష్యూ ముక్క అంటించండి. ఒకచోట పొడుచుకొస్తే లోపలి కాగితంలో ఆ మేర కత్తిరించేయండి. ఒక టిష్యూ మందం అంగుళంలో వెయ్యో వంతు మాత్రమే, అయినా తేడా కళ్లకు కనిపిస్తుంది. ఈ సర్దుబాటుకు అచ్చు వేసే సమయం కన్నా ఎక్కువ పట్టడం మామూలే.

ఈ రోజుల్లో కాగితంలోకి లోతుగా దిగిన అచ్చును అందరూ ఇష్టపడుతున్నారు. తెలుగు సీసపు టైపుతో మాత్రం అలా చేయవద్దని గట్టిగా చెబుతాం. సన్నని తలకట్లు, వత్తుల కొసలు మొదట పోతాయి, పోయిన వత్తుకు బదులు కొత్తది దొరకడం చాలా కష్టం. లోతు కావాలంటే కంప్యూటర్‌లో కూర్చి ఫోటోపాలిమర్ ప్లేటు (ప్లాస్టిక్ అచ్చు పలక) చేయించి, దిమ్మెతో కలిపి 0.918 అంగుళం ఎత్తు వచ్చేలా బిగించండి. దూది కాగితం మీద అది చక్కగా దిగుతుంది. సీసపు అక్షరం కాగితాన్ని ముద్దాడితే చాలు.

తేడా వస్తే

సున్నలు, 'ఠ', 'ళ' లోపలి గుండ్రాలు నిండిపోతున్నాయంటే ఇంకు ఎక్కువైనా కావాలి, రోలర్లు కిందికైనా ఉండాలి. తెలుగులో మూసుకున్న గుండ్రాలు ఎక్కువ కాబట్టి ఇది ఇంగ్లీషులో కన్నా ముందే బయటపడుతుంది. అక్షరాలకు నీడ పడ్డట్టు రెండు అంచులు వస్తే టింపన్ వదులైందేమో చూడండి, తర్వాత గ్రిప్పర్లు కార్డును సరిగా అదుముతున్నాయా చూడండి. కార్డు టైపుకు అంటుకుని ఆలస్యంగా ఊడినా ఇదే నీడ వస్తుంది. ఒక్క అక్షరమే మసకగా ఉంటే దాన్ని నిందించే ముందు పక్క అక్షరం ఎత్తుగా ఉందేమో తడమండి. అరిగిన అక్షరం కింద కాగితం పెట్టి ఎత్తు పెంచకండి, మార్చేయండి. క్వాడ్లు లేస్తుంటే వాటిని మళ్లీ మళ్లీ నొక్కుతూ పని లాగకండి. ఫారం దించి, ఆ వరుస బిగువు సరిచేయండి.

పని అయ్యాక

ఇంకు ఆరకముందే టైపును కిరసనాయిలు అద్దిన గుడ్డతో తుడిచి, మెత్తటి బ్రష్‌తో వత్తుల సందులు శుభ్రం చేసి, పొడి గుడ్డతో ఒత్తండి. నూనె గుడ్డలను మూత ఉన్న రేకు డబ్బాలో వేయండి. కుప్పగా వదిలేస్తే అంటుకునే ప్రమాదం ఉంది. సీసం చేతులకు అంటుతుంది కాబట్టి కేసు దగ్గర తినడం, తాగడం, టైపును పళ్ల మధ్య పట్టుకోవడం వద్దు. సబ్బుతో గోళ్ల సందులు కూడా కడిగాకే అన్నానికి కూర్చోండి. చిన్నపిల్లలను, గర్భిణులను ఈ పనికి దూరంగా ఉంచండి.

అక్షరాలను కేసులో తిరిగి వేయడం కూడా ఈ పనిలో భాగమే. రెండు వరుసలు ఎడమ చేతిలో గాడి పైకి ఉండేలా పట్టుకుని, ఒక మాట తీసి, చదివి, ఒక్కో ముక్కనూ దాని గడి మీద వదలండి. గళ్లు గుర్తుండిపోయేది కూర్చేటప్పుడు కన్నా ఇక్కడే ఎక్కువ. సందేహం వచ్చిన వత్తును ఏదో ఒక గడిలో పడేయకుండా పక్కన పెట్టి పటంలో చూడండి, తప్పు గడిలో పడ్డ ఒక్క ముక్క రేపటి ప్రూఫ్‌లో తప్పుగా తేలుతుంది. క్వాడ్లు, లెడ్లు సైజుల వారీగా వేరుచేయండి. కొస విరిగిన అక్షరాలకు విడి డబ్బా ఉండాలి. చివరగా రోలర్లను మెషిన్ నుంచి తీసి, ఒంటికి ఏదీ తగలకుండా ఇరుసుల మీద వేలాడేలా నిలబెట్టండి. డిస్కు మీద ఆనించి వదిలేస్తే ఆనిన చోట చదునైపోయి, తర్వాతి ఫారంలో ఆ మేర ఇంకు అందదు.